మా బావ కాలికి కట్టిన తాడు

తమ్మిలేరు ఎర్రబడిందంటే మా లంకలో ఒక మగవాడి కాలికి తాడు కట్టేవారు.

పందొమ్మిది వందల ముప్పైల మొదట్లో సంగతి ఇది. పైన మెట్టలో వానలు దంచికొడితే ఆ ఎర్రటి కొత్తనీరు ఏలూరు పక్కనుంచి దూసుకొచ్చి కొల్లేట్లో పడేది. అది పడే చోటికి కాస్త ఎగువన ఒక గట్టు, ఆ గట్టుకు మూడు ఖానాల రాతి వంతెన. వేసవంతా ఆ ఖానాల నీడలో మేకలు పడుకునేవి. వరద వచ్చిన రోజున మాత్రం ఏరంతా ఆ మూడు కంతల్లోంచే దూరాలి. దూరి, అవతల ఒక మనిషి లోతుకు పడి, తెల్లగా మరిగి, సుళ్ళు తిరిగి, మళ్ళీ ఓ ఫర్లాంగు దూరం పోతేగాని శాంతించదు. కొల్లేరంటే కదలని నీరు, తామరాకులు, కొంగలు అని పద్యాలు రాసే పట్నం పెద్దమనుషులు ఆ చోటు చూడలేదు. చూసుంటే వాళ్ళ పద్యాలు తడిసిపోయేవి.

కొత్తనీటిలో తొలి వల వేసేముందు మా లంకవాళ్ళు ఒక తంతు చేసేవారు. వంతు ఇంటింటికీ తిరిగేది. ఎవరి వంతో ఆ ఇంటి మగవాడు అమ్మవారి దీపాన్ని మూకుడు కప్పిన కుండలో పెట్టుకుని, ఒంటి దోనెలో నడిమి ఖానాలోంచి దిగి, కొల్లేటి అంచున కిక్కిస గడ్డి దుబ్బుల దగ్గర దాన్ని దించాలి. దీపం చేరితే ఊరు వల వేస్తుంది. బయల్దేరేముందు అతని కుడికాలి మడమ పైన పసుపు తాడు ముడివేసేవారు. రెండో కొస దోనె ముక్కుకున్న కన్నంలో. తాడు పొడుగు మూరెడు. కిందటేడు వెళ్ళి బతికొచ్చినవాడే ఈ ఏటివాడికి ముడివెయ్యాలి, అదొక నియమం. దీపం దిగేదాకా ఆ ముడి విప్పకూడదు. దాన్ని కాలి కంకణం అనేవారు. మనిషినీ దోనెనూ ఒకటిగా అమ్మవారికి అప్పగించడమట.

దోనె తెలియని వాళ్ళ కోసం చెబుతాను. తాటిమాను మొదలు నరికి, లోపల తొలిచి చేస్తారు. రెండు దోనెలు పక్కపక్కన పెట్టి వెదుళ్ళతో కట్టేస్తే అది సంగడి. సంగడి మీద ముసలివాళ్ళూ మేకలూ బియ్యం బస్తాలూ అన్నీ పోతాయి. విడిగా ఒక్క దోనె అయితే మనిషి గట్టిగా తుమ్మినా తిరగబడుతుంది. అటువంటి దాన్ని ఆ ఖానాలోంచి దించడమే ఒక సాహసం. ఆపైన తిరగబడితే బయటికి రాకుండా కాలు కట్టేసుకోవడం! దీన్ని భక్తి అనేవారు. నేను అప్పుడూ దానికి వేరే పేరు పెట్టాను, ఇప్పుడూ ఆ పేరు మార్చుకోలేదు.

అయినా ఒక నిజం దాచను. ఆ ఖానా అంటే నాకు ప్రాణం. నాకు దోనె నేర్పింది మా బావ, మా అక్క మొగుడు. నాకంటే పదేళ్ళు పెద్ద. మేనబావే గనక చిన్నప్పటినుంచీ ఆయన భుజాల మీద పెరిగాను. తంతు అయిపోయిన రెండోరోజూ మూడోరోజూ వరద ఇంకా ఉధృతంగా ఉండగానే, తాడూ లేదు పసుపూ లేదు, మేమిద్దరం చెరొక దోనె మోసుకుని గట్టెక్కేవాళ్ళం.

"మోకాళ్ళు గోడలకి నొక్కు. నడుం కిందదంతా దోనెది. పైది నీది. కలపకు," అనేవాడు.

"పడితే బావా?"

"పడితే తడుస్తావు. ఇప్పుడేమన్నా పొడిగా ఉన్నావేంటి?"

ఖానా ముందర నీరు ఒక్కసారిగా నున్నబడుతుంది. ఆ నునుపు మధ్యలో నాలిక లాగ కిందికి వంగుతుంది. "అదుగో, ఆవు నాలిక. దానిమీద ఎక్కు. నురగ ఉన్నచోట అడుగున రాయుంటది," అని తెడ్డు పెట్టి చూపించేవాడు. ఆ నాలిక మీదికి ముక్కు తిప్పగానే ఇక తెడ్డుకి పనిలేదు. చెవుల్లో హోరు. రాతి కప్పు నెత్తిమీంచి నల్లగా పరుగెత్తుతుంది. దోనె ముక్కు గాలిలోకి లేచి, ఒక్క క్షణం కింద ఏమీ ఉండదు. తర్వాత ఎర్రనీళ్ళు ముఖం మీద చెంపదెబ్బలా కొడతాయి. ఇటు వాలితే అటు తెడ్డు, అటు వాలితే ఇటు. పది ఊపిర్ల సేపు మనిషికి కులం ఉండదు, దేవుడుండడు, రేపుండదు. ఏలూరు హైస్కూల్లో ఆరేళ్ళు చదివిన చదువు ఏదీ అంత శ్రద్ధగా చదవలేదు నేను.

ఎన్నిసార్లు బోల్తా పడ్డానో! మొదటిసారి సుడిలో పడి పోట్లాడి కడుపునిండా బురద తాగితే, జుట్టు పట్టుకుని లాగి బావ అన్నమాట ఇది: "నీళ్ళతో దెబ్బలాడతావేంట్రా, అవి నీకేమన్నా బాకీనా? ముడుచుకుని ఊరుకో. అవే పైకి ఉమ్మేస్తాయి. ఉమ్మగానే కాళ్ళు ముందుపెట్టి పడుకో. వంతెన కాలు వెనకాల నీరు ఎదురు తిరుగుద్ది, అందులోకి దొర్లు." ఇంతే శాస్త్రం. ఇందులో ఎక్కడా తాడు లేదు.

మరి తాడు కట్టుకుని పోయినవాళ్ళు? చాలామంది బతికే వచ్చారు. బావకంటే రెండేళ్ళ ముందు వంతు పడ్డ ఒకతను రాలేదు. పాతికేళ్ళవాడు, ఈత వచ్చినవాడు. దోనె బోల్తా పడింది, సుడిలో తలకిందులుగా తిరుగుతూనే ఉంది. దోనెను సుడి వదలదు. అతన్ని దోనె వదలదు. లాగేసరికి తాడు చెక్కుచెదరకుండా ఉంది. ముడి భేషుగ్గా ఉంది. మనిషిలోనే ప్రాణం లేదు. ఊరు ఏం తేల్చిందో తెలుసా? అతని పెళ్ళాం ముట్టు రోజుల్లో ఆ తాడు ముట్టుకుందట! ఆ పిల్లను పుట్టింటికి తరిమేశారు. ఒక్కడంటే ఒక్కడు ఆ మూరెడు తాడుకేసి వేలు చూపించలేదు.

అప్పుడు నేను ఏలూరులో ఉన్నాను. తివాచీలు నేసే ఒక పెద్ద పాక పక్క గదిలో ఆదివారాలు మేము కొందరం వాదసభ పెట్టుకునేవాళ్ళం. విగ్రహారాధన, వితంతు వివాహం, జాతకాలు, అన్నీ చీల్చి చెండాడేవాళ్ళం. ఎదుటివాడి మాటలోంచి మనకు పనికొచ్చే ముక్క లాక్కుని దానితోనే వాణ్ణి కొట్టడం అక్కడ నేర్చుకున్నాను. అందులో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆ నమ్మకం సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒక ఎండాకాలం అక్క కార్డు రాయించింది. "ఈ ఏడు వంతు మనింటిది. నువ్వొకసారి రా."

వెళ్ళాను. అక్క ఏడవలేదు. చేపలు తోముతూ, "నీకు మాటలొచ్చు గదరా తమ్ముడూ. వాళ్ళకేదన్నా చెప్పు. నాకు ఈయన కావాలి," అంది. అంతే అంది. నేను మీసం లేని మూతిమీద చెయ్యేసుకున్నాను.

బావ వాళ్ళ నాయనమ్మ అప్పటికి కళ్ళు కనపడక అరుగు మీదే ఉండేది. ఆవిడ దగ్గర కూర్చుని తాడు మాటెత్తాను. ఆవిడ నవ్వింది.

"మూరెడేంట్రా! మా మావగారి రోజుల్లో ఆ తాడు ఇరవై బారలు, గట్టుమీద దాకా ఉండేది. ఇద్దరు పట్టుకునేవోళ్ళు. దీపం దిగాక తలా ఓ ముక్క కోసుకుని ఇళ్ళల్లో కట్టుకునేవోళ్ళు, మంచిదని. మళ్ళేడు మిగిలిందే వాడేవోళ్ళు. అలా కోసీ కోసీ అయిపోయింది."

అరుగు మీంచి ఎగిరి గంతేశాను. దొరికింది! మునిగేవాణ్ణి లాగడానికి కట్టిన తాడు, ప్రసాదం పేరుతో కోసుకుని కోసుకుని మూరెడైంది. గట్టుకు అందక దోనెకు కట్టారు. బతికించే పని చేసిన తాడు చంపే పనిలోకి దిగితే, దాన్నే కళ్ళకద్దుకుంటున్నారు! ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. "అయితే ఊరికే పట్టుకునేవోళ్ళు కాదురా అయ్యా, చేతుల్లో జారనిస్తా, జారనిస్తా..." నేను అప్పటికే వీధిలో ఉన్నాను. నాకు కావలసింది విన్నాను. మిగతాది ముసలమ్మ మాట అనుకున్నాను.

మా పెదనాన్న కులపెద్ద. ఆయన పాకలో ఊరి మగవాళ్ళంతా కూర్చున్నారు. బావ కూడా ఒక వారగా కూర్చుని వల కన్నాలు కుట్టుకుంటున్నాడు.

"ఏలూరునుంచి దొరగారు వేంచేశారు," అన్నాడు పెదనాన్న. "ఏంటి బాబూ, దేవుడు లేడంటనా?"

"దేవుడి సంగతి తర్వాత పెదనాన్నా. తాడు సంగతి చూద్దాం. ఆచారం మార్చమని నేననడం లేదు. మీరే మార్చేశారంటున్నాను. మీ తాతగారి నాటి ఆచారం ఇరవై బారల తాడు. అవునో కాదో ఆ నాయనమ్మనడగండి."

పాక గొల్లుమంది. ముసలమ్మ మాటను కాదనే ధైర్యం ఎవరికీ లేదు. పెదనాన్న ముఖం కందగడ్డయింది.

"తాడు పొడుగయ్యేకొద్దీ నమ్మకం పొట్టిదైపోద్దిరా అబ్బాయ్."

"నమ్మకాన్ని బారలతో కొలిచే విద్య నాకు తెలియదండి. తాడును కొలుస్తాను."

నవ్వారు. ఆ నవ్వు విని నేను గెలిచానని తెలిసిపోయింది. చివరికి ఒప్పుకున్నాడు. ముడి మాత్రం మామూలు ముడే, దీపం దిగేదాకా విప్పడానికి వీల్లేదన్నాడు. సరేనన్నాను. కాలు నాదైనట్టు సరేనన్నాను! బావ వంచిన తల ఎత్తలేదు.

తర్వాత వారం తాడేపల్లిగూడెంలో నా ఉపన్యాసం ఉంది. అక్కడి బజారులో ఇరవై బారల కొబ్బరి పీచు తాడు కొన్నాను. ఆ చుట్టను సభలో బల్లమీద పెట్టి, మూఢనమ్మకాన్ని దాని చరిత్రతోనే ఉరితీశాం అని అరిచాను. చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇవాళ్టికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తమ్మిలేరు ఎర్రబడింది. ఏలూరులో వాన చూసి సైకిలు మీద బురదలో పడుతూ లేస్తూ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. గట్టు రెండువైపులా జనం. ఒక మేక, పక్కన దానికోసం నూరిన కత్తి. వంతెనకు ఎగువన దోనెలు కట్టే రాతిగుంజ ఉంది. కొత్త తాడు కొస ఇద్దరు పట్టుకున్నారు. వాళ్ళ చేతులమీద నాకు నమ్మకం లేకపోయింది. జారిపోతే? నేనే తీసుకుని గుంజకు గట్టిగా రెండు చుట్లు బిగించాను. బిగించి నేనే లాగి చూశాను.

బావ దోనెలో కూర్చుని తాడుకేసి చూశాడు. "పొడుగెక్కువైనట్టుందోయ్," అన్నాడు.

"ప్రాణం కోసం గదా బావా."

నవ్వాడు. కిందటేడు వెళ్ళొచ్చినవాడు కాలికి ముడి వేశాడు. కుండ ఒళ్ళో పెట్టి, దోనె తోశారు. నేను వంతెన మీదికి పరుగెత్తాను.

ఎంత అందంగా దిగాడో! నాలిక నడుంమీద ఎక్కాడు. నా కాళ్ళకింద రాయి అదిరింది. మరుక్షణం ఇవతల నురగలోంచి దోనె ముక్కు లేచింది, బావ తెడ్డు లేచింది. కేక పెట్టబోయాను. సరిగ్గా అప్పుడే తాడు అయిపోయింది.

ఇరవై బారలూ బిర్రుగా సాగి, తడిసిన పీచు గుంజకు కరుచుకుంది. దోనె ముందుకు పోయింది. బావ పోలేదు. ఎవరో కాలు పట్టి ఈడ్చినట్టు వెనక్కి విరుచుకుపడ్డాడు. ఖానా మూతి దగ్గర, నీరు పడే చోటే, వెల్లకిలా వేలాడాడు. ఏరంతా వచ్చి ఆయన ముఖం మీంచి పోతోంది. కాలొక్కటే పైకి కనిపిస్తోంది, దానికి నా తాడు.

"వదలండి! తాడు వదలండి!" అరిచాను.

"వదలకండ్రా! అమ్మవారి తాడు!" పెదనాన్న అరిచాడు.

వదలాలన్నా ఎలా వదులుతారు? చుట్లు వేసింది నేను. నలుగురు పట్టి ఏటికి ఎదురు లాగుతున్నారు. లాగినకొద్దీ ఆయన ఇంకా లోపలికి పోతున్నాడు. ముసలమ్మ గొంతు అప్పుడు వినపడింది నాకు. జారనిస్తా, జారనిస్తా. అరుగు మీద చెప్పిన మాట వినడానికి ఇంతసేపు పట్టింది ఈ వాదసభ వీరుడికి.

వంతెన దిగి మేక దగ్గరున్న కత్తి లాక్కున్నాను. ఎవరో నా మెడ పట్టుకున్నారు, ఎవరో చొక్కా. రెండు వేట్లకు తాడు తెగింది. మేక ఆ గందరగోళంలో గట్టు దిగి పారిపోయింది. ఆ రోజు తెలివిగా నడుచుకున్నది అదొక్కటే.

బావ కనపడలేదు. అక్క గట్టు అంచుదాకా వచ్చేసింది. కొంతసేపటికి దిగువన వంతెన కాలి వెనకాల, ఎదురు తిరిగే నీటిలో, ఒక చెయ్యి లేచింది. ముడుచుకుని ఊరుకున్నాడు. నీరు ఉమ్మేసింది. అందులోకి దొర్లాడు. సంగడి వేసుకెళ్ళి ఎక్కించారు. కుడికాలు మడమ దగ్గర ఎముకదాకా ఒలిచిపోయింది, కీలు తప్పింది. ప్రాణం ఉంది.

ఏలూరు ఆసుపత్రికి బండి కడుతుంటే వెనక్కి తిరిగి చూశాను. బావ కాలినుంచి విప్పిన తాడును గుంజ దగ్గర వేసుకుని జనం మూగి ఉన్నారు. తాడు కోసుకుంటున్నారు! తలా ఒక ముక్క. తోసుకుంటున్నారు, తిట్టుకుంటున్నారు, కళ్ళకద్దుకుంటున్నారు. ఒక మనిషిని సగం చంపిన తాడు, ఇంకా అతని చర్మం అంటుకుని ఉందేమో కూడా చూసుకోరే! పెదనాన్న నా దగ్గరకొచ్చి, "అమ్మవారి తాడుమీద కత్తి పెట్టావు. అందుకే వాడి కాలు పోయింది," అన్నాడు. నా చేతిలో ఇంకా కత్తి ఉంది. పారేశాను. ఎందుకు పారేశానో ఆయనకు తెలియదు.

ఆసుపత్రిలో మూడోరోజు బావ మాట్లాడాడు. నేను మంచం పక్కన కూర్చుని, తాడు ఎంత వదులుగా ఉండాలో, ఎన్ని చేతులు పట్టాలో, వచ్చే ఏడు పాకలో ఏం వాదించాలో చెబుతున్నాను. తప్పు ఒప్పుకుంటున్నాననే అనుకున్నాను.

"ఆపరా!" అన్నాడు. ఆయన నన్నెప్పుడూ అలా కసిరి ఎరగడు. "మీ పెదనాన్న మూరెడన్నాడు. నువ్వు ఇరవై బారలన్నావు. పాకంతా మీ ఇద్దరి గొంతులే. కాలు ఎవడిదిరా? ఆ పక్కనే కూర్చుని ఉన్నాను గదా, ఒరేయ్ నీకు తాడు కావాలా అని ఒక్కడన్నా అడిగాడా?"

"నువ్వైనా చెప్పొచ్చు గదా బావా."

"నువ్వు ఊపిరి తీసుకుంటే గదా!"

పక్క మంచం ముసలాయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది. ఎవరిమీదని అడిగితే అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడు చెప్పగలను. ఇరవై రెండేళ్ళు నీటిని చదివినవాడు ఎదురుగా ఉండగా, నీటి గురించి ఒక గుడ్డి ఆచారమూ ఒక గుడ్డి వాదమూ కొట్టుకున్నాయి. అందులో రెండోది నాది.

మరుసటేడు ఊరు మళ్ళీ మూరెడు తాడుకే పోయింది. పొడుగు తాడు అమ్మవారికి గిట్టలేదని తేలిందట, సాక్ష్యం మా బావ కాలు! వంతు పడ్డవాడు ఇద్దరు పిల్లల తండ్రి. నేను ఏలూరులో కరపత్రం రాసి, అచ్చు వేయించి, కట్టతో సహా దిగాను. బావ కుంటుకుంటూ ఎదురొచ్చి ఆ కట్ట నా చేతిలోంచి తీసుకుని దోనెలో పడేశాడు.

గట్టుమీద పెదనాన్న పసుపు తాడు పట్టుకుని నిలబడ్డాడు. కిందటేడు వెళ్ళి బతికొచ్చినవాడు ముడివెయ్యాలి. ఎవరు? మా బావ. ఈ నియమం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఏ వాదంలోనూ నాకది పనికిరాలేదు, అందుకని దానికేసి ఎప్పుడూ చూడలేదు. బావ కిందికి వంగి, ఆ మనిషి చెవిలో ఏదో అడిగాడు. అతను తల ఊపాడు. బావ చాలాసేపు ముడి వేశాడు. పెదనాన్న వంగి చూసి, బాగుందన్నాడు.

అతను నురగలో బోల్తా పడ్డాడు. దోనె సుడిలో పడి తలకిందులుగా తిరగడం మొదలెట్టింది. ఆ పాతికేళ్ళవాడు పోయిన చోటే. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. రెండు ఊపిర్లు, మూడు. వంతెన కాలి వెనకాల తల తేలింది. కాలు ఖాళీగా ఉంది. పసుపు ముడి ఒంటరిగా దోనె ముక్కుకు వేలాడుతోంది. జారుముడి! కొస పట్టి లాగితే ఊడిపోయేది. గేదెల పలుపుకి అందరూ వేసేదే.

"అమ్మవారు విప్పేసింది!" అని ఎవరో అరిచారు. ఊరంతా అందుకుంది. పెదనాన్న చేతులు జోడించాడు. నా ఒళ్ళు భగ్గున మండింది.

"చెప్పు బావా! నేను విప్పేలా వేశానని చెప్పు! ఇప్పుడు చెప్పకపోతే జన్మలో చెప్పలేం!"

"అరవకు."

"అబద్ధం బావా ఇది! మళ్ళీ ఆవిడకే పోతోంది పేరు!"

"పోనీ. వాడికి ఇద్దరు పిల్లలు. వచ్చే ఏడు ముడి వాడు వేస్తాడు. ఎలా వెయ్యాలో వాడికి తెలుసు. కట్టించుకున్నవాడు ఆ పై ఏటివాడికి చెబుతాడు."

నేను ఒప్పుకోలేదు. ఆ రోజు ఆయనతో మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాను. ఇప్పుడూ పూర్తిగా ఒప్పుకోను. ఆ తర్వాత ఆ ఖానాలో ఎవరూ చావలేదు, నిజమే. అమ్మవారి మహిమ అని చెప్పుకుంటున్నారు, అదీ నిజమే. మా అక్క కూడా అలాగే చెప్పుకుంటుంది, పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టుకుని. ఆయన వల కన్నాలు కుట్టుకుంటూ నాకేసి చూస్తాడు. నేను పళ్ళు కొరుక్కుంటాను.

అక్క ఇంట్లో దూలానికి ఆ కొబ్బరి పీచు తాడు ముక్క ఒకటి ఇప్పటికీ వేలాడుతోంది. వెళ్ళినప్పుడల్లా తీసి పొయ్యిలో పెడతానంటాను. "ఉంచరా, అది మీ బావది," అంటుంది. బావకేసి చూస్తాను. ఇప్పుడు అడుగుతాను. "పెట్టెయ్యనా బావా?"

"వద్దులే," అంటాడు. "నువ్వు కట్టింది గదా. ఉండనీ."